ముసురు నెలల దిగులు

ఆషాఢం వచ్చిందంటే మా ఇళ్ళల్లో ఒక అంకె కోసం ఎదురుచూపు మొదలవుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి ఎన్ని అడుగులుంది? 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులకు రెండోది. 17.75 అడుగులకు మూడోది. ఈ మూడు అంకెలు మా పిల్లలకు ఎక్కాలకంటే ముందే నోటికి వస్తాయి.

మేమంటే ఎవరమో ముందు చెప్పాలి. కొండల్లో పుట్టి, చదువుల కోసం, ఉద్యోగాల కోసం, కూలి పనుల కోసం దిగివచ్చి, ధవళేశ్వరంలోనూ ఆ చుట్టుపక్కలా అద్దె ఇళ్ళల్లో ఉంటున్న కొండరెడ్డి, కోయ కుటుంబాలం. మాలో కొందరం పంతుళ్ళం. మా అమ్మానాన్నలు, అన్నదమ్ములు ఇంకా పైనే ఉన్నారు. కొందరు ఊళ్ళో ఉన్నారు, కొందరు ఊరు పోయి కాలనీల్లో ఉన్నారు.

ధవళేశ్వరం అంకెను ఇక్కడివాళ్ళూ చూస్తారు, మేమూ చూస్తాం. కానీ చదివే తీరు వేరు. ఇక్కడ జూన్‌లో కాలువలకు నీళ్ళు వదిలితే పండగ. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ నీళ్ళే డెల్టాకు అన్నం పెడుతున్నాయి. అది మాకు తెలుసు, ఆ అన్నం మేమూ తింటున్నాం. వరద పెరిగితే సెలవు రోజున జనం పిల్లల్ని తీసుకుని బ్యారేజీ దగ్గరికి ఎర్రనీళ్ళు చూడటానికి వస్తారు. మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముతారు. మేము కూడా ఆ జనంలోనే నిలబడతాం. వాళ్ళు కిందికి ఎంత పోతోందో చూస్తారు. మేము పైన ఎంత నిలిచిందో లెక్కేసుకుంటాం. భద్రాచలం దాటిన వరద ధవళేశ్వరం చేరడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. అందుకే ఇక్కడ హెచ్చరిక ఇచ్చేసరికి పైన మా ఊళ్ళ దారులు ఎప్పుడో మునిగిపోయి ఉంటాయి. మాలాగే ఈ అంకెను భయంతో చదివేవాళ్ళు ఇక్కడ ఇంకొకరున్నారు. కింద లంకల్లో ఉండేవాళ్ళు. వాళ్ళకూ మాకూ ఈ నెలల్లో మాట తొందరగా కలుస్తుంది.

ఈ వ్యాసం వరద గురించి కాదు. వరద రాని ఏడాది కూడా ఆ నెలల్లో మమ్మల్ని పట్టుకునే దిగులు గురించి.

అది ఇలా వస్తుంది. ఆరుద్ర కార్తె దాటి ముసురు పట్టి నాలుగైదు రోజులు సూర్యుడు కనపడడు. పగలే లైటు వేసుకోవాలి. గోడలు చెమ్మగిల్లుతాయి. బట్టలు ఆరవు. మొదట నిద్ర పాడవుతుంది. కొందరు పగలంతా పడుకుంటారు, రాత్రంతా మేలుకుంటారు. కొందరికి ఎంత పడుకున్నా ఒళ్ళు బరువు తీరదు. అన్నం సయించదు, లేదా తిన్నదే తింటూ ఉంటారు. పనిలోకి వెళ్ళాలంటే కాళ్ళు కదలవు. ఎవరైనా పలకరిస్తే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి, ఎందుకో చెప్పలేరు. మా ఇంటి పక్క గదిలో ఉండే పెద్దమ్మ ఒకరు దాన్ని రెండు ముక్కల్లో చెప్పింది. “నిద్దర పట్టట్లేదయ్యా, మెలకువా రావట్లేదు” అంది.

బయటివాళ్ళు దీనికి ఒకే పేరు పెట్టారు. బద్ధకం. “వానాకాలం వస్తే మీవాళ్ళు పనిలోకి రారు” అని మేస్త్రీలు అంటారు. “కొండ పిల్లలు జూలైలో మొద్దుల్లా కూర్చుంటారు” అని బళ్ళో అంటారు. ఉపాధ్యాయ శిక్షణలో పిల్లల మనస్తత్వం మీద ఒక పేపరు చదివాం. అందులో వాన లేదు, వరద లేదు, ఇల్లు గుర్తొచ్చి అన్నం ముట్టని పిల్ల లేదు.

చలిదేశాల్లో ఈ జబ్బుకు పేరుంది. దక్షిణాఫ్రికా నుంచి అమెరికా వెళ్ళిన నార్మన్ రోసెంతాల్ అనే మానసిక వైద్యుడు అక్కడి చలికాలంలో తనలో వచ్చిన మార్పును తానే గమనించాడు. 1984లో తోటివాళ్ళతో కలిసి దాన్ని ఒక జబ్బుగా రాసి, ఏటా ఒకే రుతువులో వచ్చి పోయే కుంగుబాటు అని పేరు పెట్టాడు. అక్కడ చలికాలంలో పగలు బాగా కురచ. ఉత్తరాన ఇంకా పైకి పోతే కొన్ని వారాలు సూర్యుడు ఉదయించనే ఉదయించడు. ఉదయపు వెలుగు కంటికి తగలకపోతే నిద్రకూ మెలకువకూ ఒంట్లో ఉండే గడియారం తప్పుతుందని వైద్యులు అంటారు. అందుకే పొద్దున్నే అరగంట సేపు చాలా ప్రకాశవంతమైన దీపం ముందు కూర్చోబెట్టే వైద్యం అక్కడ ఉంది.

మన దగ్గర లెక్క వేరు. గోదావరి తీరంలో అతి పొడుగు పగటికీ అతి కురచ పగటికీ తేడా రెండు గంటలు మాత్రమే. పుష్యమాసంలో ఎండ చక్కగా కాస్తుంది. పంట ఇంటికొస్తుంది, పండగలొస్తాయి, చలిమంట దగ్గర మాట సాగుతుంది. మాకు చీకటి నెలలు చలికాలంలో లేవు. ఆషాఢం, శ్రావణం, భాద్రపదం, ఈ మూడే మా చీకటి నెలలు. ఈ మూడు నెలల దిగులంతా వెలుగు తక్కువై వచ్చిందని చెప్పినా సరిపోదు. మబ్బు అందులో ఒక పాలు. మిగతా పాళ్ళు మా బతుకులోంచి వచ్చాయి.

మొదటిది ఆకలి. కొండల్లో వానాకాలమంటే గింజలు నేలలోకి పోయి గాదె ఖాళీ అయిన కాలం. కొత్త పంట చేతికొచ్చేదాకా మా పెద్దలు అడవి దుంపలు తవ్వుకుని, జీలుగు చెట్టు మానులోని చేవ దంచి పిండి చేసుకుని, మామిడి టెంకల్లోని జీడితో అంబలి కాచుకుని గడిపారు. పాపికొండల రెడ్ల మధ్య తిరిగి 1945లో పుస్తకం అచ్చువేసిన హైమెండార్ఫ్ కూడా ఆ జీలుగు పిండి గురించి రాశాడు. ఇప్పుడు రేషను బియ్యం వస్తున్నాయి. అయినా వాన పడగానే డబ్బాలో బియ్యం ఎన్నున్నాయో చూసుకునే అలవాటు మా ఆడవాళ్ళకు పోలేదు. రెండోది జ్వరం. ముసురుతో పాటు మలేరియా వస్తుంది. ఏ ఇంట్లో చూసినా ఒకరు మూలుగుతూ ఉంటారు. వాగు పొంగితే ఆసుపత్రికి దారి ఉండదు.

మూడోది ఈ అంకె. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. ధవళేశ్వరం నుంచి 35 లక్షల క్యూసెక్కులు దాటి పోయింది. ఇక్కడ మూడో హెచ్చరిక ఇచ్చేది 17 లక్షల దగ్గర. అంటే దానికి రెండింతలు. అప్పుడు మేము చిన్నపిల్లలం. చీకట్లో పెద్దవాళ్ళ భుజాలెక్కి గుట్టకు చేరినవాళ్ళు మాలో ఉన్నారు. 2022 జూలైలో అలవాటైన వరద నెల రాకముందే భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చింది. కూనవరం, వీఆర్ పురం, చింతూరు, ఎటపాక, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో ఊళ్ళకు ఊళ్ళు నీళ్ళల్లో ఉన్నాయి. గోదావరి ఎత్తుగా ఉంటే శబరి అందులో కలవలేక వెనక్కి తంతుంది. మెల్లగా ఎక్కే ఆ నీటిని చూస్తూ కూర్చోవడం ఒక్కసారి మీద పడే నీటికంటే ఎక్కువ నలుపుతుంది. పోలవరం దగ్గర కాఫర్ డ్యాం లేచాక దేవీపట్నం వైపు చిన్న వరదకే నీళ్ళు నిలుస్తున్నాయి. ఆ ప్రాజెక్టు కింద దాదాపు లక్ష కుటుంబాలు నిర్వాసితులు. ఇల్లు ఎప్పుడు ఖాళీ చేయాలో, డబ్బు ఎప్పుడు పడుతుందో తెలియక ఏళ్ళు గడిచాయి. ప్రతి ముసురుకూ ఆ ప్రశ్న మళ్ళీ తడిసి బరువెక్కుతుంది.

అయితే మా పెద్దలు ఈ నెలలను ఎలా గడిపారు? వాళ్ళకు దిగులు లేదని మేము చెప్పం. దిగులు పడ్డవాళ్ళు, గాలి సోకిందని వడ్డె దగ్గరికి తీసుకుపోయినా కోలుకోనివాళ్ళు అప్పుడూ ఉన్నారు. కానీ మనిషి ఒంటరిగా ఉండే వీలు మాత్రం తక్కువగా ఉండేది. వాన పడితే పని పెరిగేది. ఈ రోజు నీ చేలో కలుపు, రేపు నా చేలో కలుపు. పదిమందీ గొడుగాకు నెత్తిన వేసుకుని వానలోనే దిగేవాళ్ళు. పొద్దున్నే అడవికి పోతే వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు దొరికేవి. రాత్రి నెగడు దగ్గర ముసలాళ్ళు బుట్టలల్లుతూ కథ చెప్పేవాళ్ళు. ఒక మనిషి రెండు రోజులు నెగడు దగ్గరికి రాకపోతే మూడో రోజు ఎవరో ఒకరు గుమ్మం ముందు నిలబడి పిలిచేవాళ్ళు.

కాలనీలో ఆ నెగడు లేదు. సిమెంటు గదులు వరసగా ఉన్నాయి, తలుపులు వేసి ఉన్నాయి. చేను లేదు కనక వానకు పని పెరగదు, ఉన్న కూలి పోతుంది. ధవళేశ్వరంలో మా అద్దె గదులూ అంతే. కిటికీ తీస్తే పక్కింటి గోడ. పైన ఊళ్ళో దిగులు పదిమందిలో ఉండేది. ఇక్కడ ఒక్కో గదిలో ఒక్కొక్కరికి విడివిడిగా ఉంది.

అది ఎంతదాకా పోతుందో మాకు 2022 శ్రావణంలో తెలిసింది. మాకు బాబాయి వరస అయ్యే ఒకాయన ఊరు మునిగాక కొడుకు గదికి వచ్చి ఉన్నాడు. బుట్టలు బాగా అల్లుతాడు, నవ్వించే మనిషి. ఇక్కడికొచ్చాక మాట తగ్గింది. గోడవైపు తిరిగి పడుకునేవాడు. “నా వంతు అన్నం పిల్లోడికి పెట్టండి, నేనుండి ఏం చెయ్యాలి” అనేవాడు. పెద్దాయన కదా, ఊరి బెంగ అనుకున్నారంతా. ఒకనాడు తెల్లవారుజామున కొడుకు లేచి చూస్తే మంచం ఖాళీ. ఇరుగుపొరుగు మేమంతా తలోవైపు పోయాం. రేవు మెట్ల మీద, నీళ్ళకు రెండు మెట్ల పైన, తడిసి కూర్చుని ఉన్నాడు. “నది మన ఊరు మీదుగా వచ్చింది కదా, చూద్దామని వచ్చాను” అన్నాడు. ఇంకేమీ అడగలేదు మేము. కోడలు టీ పట్టుకొచ్చింది. ఆయన తాగేదాకా ఆ మెట్ల మీదే పక్కన కూర్చున్నాం.

ఆ మర్నాడు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాం. ఇంట్లో కొందరు ముందు ఊరి దేవతకు మొక్కుకోవాలన్నారు. అదీ చేశాం, ఇదీ చేశాం. రెండింటికీ పేచీ లేదు. మానసిక వైద్యుడు ఆయన్ని కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడాడు. మాత్రలు రాసి, “ఇవి జ్వరం మాత్రల్లా వెంటనే పనిచేయవు, మూడు నాలుగు వారాలు పడుతుంది, బాగుందని మధ్యలో ఆపొద్దు” అని చెప్పాడు. ఆ నాలుగు వారాలూ ఆయన్ని ఒంటరిగా వదల్లేదు. దసరా నాటికి చాప మీద వెదురు బద్దలు పరుచుకుని కూర్చున్నాడు. మరుసటి ఏడు జ్యేష్ఠంలో, ఇంకా ఎండలు పోకముందే, ఆయనే అన్నాడు. “ముసురు రాకముందే ఒకసారి ఆ డాక్టరు బాబు దగ్గరికి పోయొద్దాం రా.”

ఆ మాట మాకు పాఠమైంది. వరదకు ముందే పడవ కట్టి ఉంచుతాం. దిగులుకూ అలాగే ముందే కట్టుబాటు ఉండాలి. అప్పటి నుంచి మేము చేస్తున్నవి ఇక్కడ రాస్తున్నాం. ఎవరికైనా పనికొస్తే వాడుకోండి.

పొద్దున్నే ఆరు ఏడు మధ్య కాలువ గట్టు మీద నడుస్తాం. వాన కాస్త తెరిపిస్తే చాలు. “ఎండే లేదు, బయటికెందుకు” అని పెద్దమ్మ అనేది. మబ్బు పట్టినా ఆరుబయట వెలుగు గదిలో లైటు వెలుగుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కంటికి అది చాలు. రాత్రి పడుకోవడం ఆలస్యమైనా పొద్దున్నే లేచే వేళ మార్చం. పగలు తలుపు తీసి ఉంచుతాం. దోమలకు తెర కట్టుకుంటాం, తలుపు మాత్రం మూయం.

అంకెను రోజుకు రెండుసార్లే చూస్తాం, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆ పని ఒకరికే అప్పజెప్పాం. అతను చూసి మిగతావాళ్ళకు చెబుతాడు. రాత్రిపూట ఫోన్లలో మునిగిన ఇళ్ళ వీడియోలు తిప్పడం మానేశాం. వాటివల్ల ఒక్క ఇల్లూ తేలలేదు, పదిమందికి నిద్ర మాత్రం పోయింది.

పైనున్న మనవాళ్ళతో జూన్‌లోనే మాట అనుకుంటాం. నీళ్ళొస్తే ఎవరు ఏ గుట్టకు పోతారు, ముసలాళ్ళను ఎవరు మోస్తారు, కాగితాలు ఎక్కడ పెడతారు. కరెంటు పోతే టవరు ఆగిపోతుంది. రెండు రోజులు ఫోను కలవకపోతే గుట్ట ఎక్కారని అనుకోవాలి, కంగారు పడకూడదు. మూడో రోజు ఎవరికి ఫోను చేసి కనుక్కోవాలో రాసి గోడకు అంటించుకుంటాం. ఈ ఒక్క కాగితం చాలామంది గుండెదడ తగ్గించింది.

ఆదివారం ఒకరి గదిలో అందరం కలుస్తాం. నెగడు వెయ్యడానికి చోటు లేదు, కుంపటి చాలు. చేతికి పని ఉంటుంది. విస్తళ్ళు కుట్టడం, బుట్టలల్లడం, చీపుళ్ళు కట్టడం. చేతులు ఊరికే ఉన్నప్పుడు రాని మాట, చేతులు కదులుతుంటే వస్తుంది. కోయ పిల్లలకు కోయ మాట అక్కడే చెవినబడుతుంది. ఎవరు రాలేదో చూసుకుంటాం. రానివాళ్ళ గదికి ఇద్దరం పోతాం.

మందు గురించి కూడా చెప్పాలి. తాగితే నిద్ర పడుతుందనుకుంటారు. పడుతుంది, అర్ధరాత్రి పోతుంది. మర్నాడు దిగులు రెట్టింపై లేస్తుంది. ముసురు నెలల్లో ఈ అలవాటు పెరిగి చెడిన కొంపలు మాకు తెలుసు. ఎవర్నీ తిట్టం. ఆదివారం కలిసేచోట మాత్రం సీసా ఉండకూడదని ఆడవాళ్ళు కట్టుబాటు పెట్టారు, అది నిలబడింది.

బళ్ళో మేము పంతుళ్ళం చేయగలిగింది ఇంకొంచెం ఉంది. వేసవి సెలవులైపోయి హాస్టలుకొచ్చిన కొండ పిల్లలకు ఇంటి బెంగ, ముసురు ఒకేసారి తగులుతాయి. వాళ్ళను వెనక బెంచీ నుంచి కిటికీ పక్కకో వరండాలోకో తెస్తాం. వాన ఆగిన పావుగంట కూడా ఆటకే వదులుతాం. మీ ఊళ్ళో ఇప్పుడు ఏం పని జరుగుతోందో చెప్పమంటాం. వెదురు కొమ్ము ఎలా ఏరాలో, వాగు దాటేముందు కర్రతో లోతు ఎలా చూడాలో వాళ్ళు చెబుతుంటే మైదానం పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. మొద్దులన్న పిల్లలు ఆ పూటకు పంతుళ్ళవుతారు.

ఇవన్నీ చేసినా తగ్గనిది ఉంటుంది. రెండు వారాలు దాటి నిద్ర, తిండి, పని మీద మనసు లేకుండా పోతే అది బద్ధకం కాదు, గాలి కాదు, వైద్యం ఉన్న జబ్బు. “నేనుండి ఏం లాభం” అనే మాట వినబడితే రెండు వారాలు కూడా ఆగొద్దు. ఆ మనిషిని అడగండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటికొస్తుంది. ఒంటరిగా వదలకండి. 14416కు ఫోను చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్రం పెట్టిన టెలిమానస్ నంబరు. పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

ఒక మాట మిగిలింది. దిగులుకు మాత్ర వేసుకున్నంత మాత్రాన అడగాల్సింది అడగడం మానం. పరిహారం, మునగని చోట ఇల్లు, ఇంటితో పాటు భూమి, వీటికి ఏ మాత్రా బదులు రాదు. గోడవైపు తిరిగి పడుకున్న మనిషి అర్జీ రాయలేడు, సభకు రాలేడు. అతన్ని లేపి కూర్చోబెట్టడం కూడా ఆ పోరాటంలో పనే. ఏటా వరదకు ముందు ఏజెన్సీ ఊళ్ళకు రేషను, మందులు, పడవలు సిద్ధం చేస్తామని అధికారులు సమావేశాల్లో చెబుతారు. ఆ జాబితాలో ఇంకొక వరస చేర్చమని మేము అడుగుతున్నాం. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా, మునిగే ప్రతి మండలానికీ, ప్రతి కాలనీకీ నెలకొకసారి మానసిక వైద్యుణ్ణి పంపండి. మా భాష తెలిసిన మనిషిని ఒకరిని ఆయన పక్కన కూర్చోబెట్టండి. ధవళేశ్వరం దగ్గర నీటిని అడుగుల్లో కొలుస్తున్నారు. పైన నిద్రపట్టని మనుషుల్ని కూడా ఎవరో ఒకరు లెక్కపెట్టాలి.